బానెట్‌కి చిల్లు పెట్టేముందు

మనవాళ్ళ మధ్య కారు ప్రస్తావన వస్తే మైలేజీ, రీసేల్ వాల్యూ, టొయోటా మేలా హోండా మేలా... ఈ మూడింటితో కథ కంచికి వెళ్ళిపోతుంది. తప్పేం లేదు, అవసరాలు అలాంటివి. కానీ ఎప్పుడైనా నలుగురు కూర్చున్నచోట "కారు బానెట్‌కి ఇంట్లోనే చిల్లులు కోసి వెంట్లు బిగించాను" అని చెప్పి చూడండి. సగం మంది "ఏరా, ఇంజనీరింగ్ చదివి చివరికి మెకానిక్కు పనా?" అంటారు. మిగతా సగం "కేక మామా! ఎక్కడ కొన్నావో చెప్పు, ఈ వీకెండే కోసేస్తా" అంటారు. నా పేచీ ఈ రెండు పార్టీలతోనూ. నిజం చెప్పాలంటే రెండో పార్టీతోనే ఎక్కువ.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను, తర్వాత తీరిగ్గా తిట్టుకోవచ్చు. ఇంట్లో, మన చేత్తో బానెట్ కోసి వెంట్లు పెట్టుకోవడం శుభ్రమైన ఇంజనీరింగ్ పనే. కాకపోతే ఆ పనిలో కోత ఆఖరి మెట్టు. ముందు మెట్లన్నీ కొలతలు. ఆ మెట్లు ఎక్కినవాళ్ళలో చాలామందికి అసలు కొయ్యాల్సిన అవసరమే లేదని తేలుతుంది. తేలకపోతే అప్పుడు కొయ్యండి, నేనూ వచ్చి రేకు పట్టుకుంటా :-)

ఇంత ధీమాగా చెప్పడానికి నాకున్న అర్హత ఏంటంటే... చదివింది మెకానికల్, చేసేది సాఫ్ట్‌వేర్ (మనలో సగం మంది కథే). ఉండేది డాలస్ పక్కన. నా దగ్గర 2001 నాటి మాజ్డా మియాటా ఒకటుంది. రెండు సీట్ల బుల్లి కారు. మిగతా చాలా దేశాల్లో దీన్నే ఎంఎక్స్-5 అంటారు. కిరాణా సామాన్లు తేవడానికి వేరే కారుంది. దీన్ని మాత్రం ఏడాదిలో నాలుగైదుసార్లు ఫోర్ట్‌వర్త్ దగ్గర క్రెసన్‌లో ఉన్న ట్రాక్‌కి తీసుకెళ్తాను. టెక్సాస్ ఎండాకాలంలో ఇరవై నిమిషాలపాటు ఇంజను గొంతు చించుకుంటే కూలెంట్ వేడెక్కకుండా ఎలా ఉంటుంది? ఆ వేడితోనే ఈ గొడవంతా మొదలైంది.

మొదట పేర్లు తేల్చుకుందాం. మన దగ్గర బానెట్ అనేదాన్ని ఇక్కడ హుడ్ అంటారు. ఆ హుడ్ మీద కనబడే కన్నాలు రెండు రకాలు. ముందుకి నోరు తెరిచి గాలి లోపలికి తీసుకునేది స్కూప్. సుబారు డబ్ల్యూఆర్ఎక్స్ మీద ఉండేది అదే, ఇంజను మీద కూర్చున్న ఇంటర్‌కూలర్‌కి గాలి అందించడానికి. రెండోది వెంట్. దీని పని లోపలి వేడిగాలిని బయటికి వదలడం. ఒకటి ఇన్‌పుట్టు, ఇంకొకటి అవుట్‌పుట్టు అన్నమాట. ఈ తేడా తెలియకుండా వెంట్‌ని తిరగేసి బిగించినవాళ్ళని కూడా చూశాను.

ఇక అసలు సంగతి. రేడియేటర్‌లోంచి గాలి వెళ్ళాలంటే ముందువైపు ఒత్తిడి ఎక్కువ, వెనకవైపు ఒత్తిడి తక్కువ ఉండాలి. కారు వేగంగా వెళ్తున్నప్పుడు గ్రిల్ దగ్గర ఒత్తిడి దానంతటదే పెరుగుతుంది. సమస్యంతా వెనకవైపే. రేడియేటర్ దాటిన గాలి ఇంజను గదిలో ఇరుక్కుని, కిందనుంచి ఎలాగోలా దారి వెతుక్కుంటుంది. అది బయటికి పోతేగానీ కొత్త గాలి లోపలికి రాదు. నిండిపోయిన క్యూలో ఇంకో మెసేజ్ తోస్తే ఏమవుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు.

హుడ్‌కి చిల్లు పెడితే వేడి పైకి పోతుంది, ఇంతేగా అనుకుంటారు జనం. కారు ఆగి ఉన్నప్పుడు నిజమే, వేడిగాలి తేలికై పైకి పోతుంది. కానీ కారు పరిగెడుతున్నప్పుడు గాలికి పైకా కిందికా అనే పట్టింపు ఉండదు. ఒత్తిడి ఎక్కువున్న చోటునుంచి తక్కువున్న చోటికి పోతుంది, అంతే. హుడ్ మీద ఒత్తిడి అన్నిచోట్లా ఒకేలా ఉండదు. ముందు అంచు దాటి గాలి ఒంపు తిరిగే చోట తక్కువ. వెనక్కి పోయేకొద్దీ, ముందు అద్దం మొదట్లోకి వచ్చేసరికి గాలి అద్దానికి గుద్దుకుని మళ్ళీ ఎక్కువ.

ఇది ఎప్పుడో తెలిసిన విషయం. 1960ల చివర్లో, 1970ల మొదట్లో షెవర్లే వాళ్ళు కమారో, షెవెల్ కార్లలో కౌల్ ఇండక్షన్ అని ఒకటి పెట్టారు. హుడ్ వెనక అంచు దగ్గర, అద్దం ముందు తెరిచి, అక్కడి ఎక్కువ ఒత్తిడి గాలిని ఇంజనుకి పీల్చుకునే ఏర్పాటు. అంటే అది గాలి లోపలికి వచ్చే చోటని యాభై ఏళ్ళ క్రితమే ఫ్యాక్టరీలో వాడుకున్నారు. అయినా ఇప్పటికీ జనం హుడ్ వెనక కీళ్ళకింద వాషర్లు పెట్టి, వెనక అంచు అంగుళం పైకి లేపి, "వేడి పోతోంది" అని మురిసిపోతుంటారు. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు పోతుంది, కాదనను. హైవే ఎక్కాక మాత్రం ఆ సందులోంచి గాలి లోపలికే వచ్చే అవకాశం ఎక్కువ. అలా వస్తే ఇంజను గదిలో ఒత్తిడి పెరిగి, రేడియేటర్‌లోంచి వెళ్ళే గాలి తగ్గుతుంది. అంటే కారు చల్లబడాల్సిన చోట ఇంకా వేడెక్కుతుంది.

సరిగ్గా చేస్తే ఎలా ఉంటుందో కూడా చూడండి. 2014 మోడల్‌గా వచ్చిన సీ7 కోర్వెట్‌లో రేడియేటర్‌ని ముందుకి వంచి, దాన్ని దాటిన గాలి హుడ్ మీదున్న వెంట్‌లోంచి నేరుగా పైకి పోయేలా చేశారు. దానివల్ల చల్లదనంతోపాటు కారు ముందుభాగం గాలికి తేలడం కూడా తగ్గింది. 2022లో వచ్చిన సివిక్ టైప్ ఆర్ హుడ్ మీద వెంట్ కూడా ఇలాంటిదే. వాళ్ళు ఆ చోటు అందంకోసం ఎంచుకోలేదు, గాలి సొరంగంలో కొలిచి ఎంచుకున్నారు.

"మనకి గాలి సొరంగం ఎక్కడిది బాసూ" అంటారా? ఇల్లు కట్టేటప్పుడు తాపీమేస్త్రి చేతిలో లెవెల్ పైపు చూసే ఉంటారు. పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ పైపులో నీళ్ళు పోసి, రెండు చివర్లూ రెండు గోడల దగ్గర పట్టుకుని మట్టం చూస్తారే, అదే. ఆ పైపునే యూ ఆకారంలో వంచి చెక్కమీద బిగించి, పక్కన స్కేలు అంటిస్తే మానోమీటర్ అయిపోయింది. కాస్త రంగు నీళ్ళు పోసి, ఒక చివర ఇంజను గదిలోకి, ఇంకో చివర హుడ్ పైన కొలవాల్సిన చోటికి పంపి టేపు వేస్తే సరి. రెండువైపులా ఒత్తిడి తేడా ఎంతో నీటిమట్టాల తేడా చెప్పేస్తుంది.

లెక్క కూడా చేతిలో పనే. గంటకి 100 కిలోమీటర్ల వేగంలో ఎదురుగాలి పూర్తి ఒత్తిడి సుమారు 463 పాస్కల్స్, అంటే దాదాపు 47 మి.మీ. నీటిమట్టం. వేగం సగమైతే ఒత్తిడి నాలుగోవంతుకి, అంటే 12 మి.మీ.కి పడిపోతుంది. కాబట్టి మనం చూసేది మిల్లీమీటర్ల వ్యవహారం. కంటికి హాయిగా ఆనుతుంది. వేగం నిలకడగా ఉన్నప్పుడు మాత్రమే చదవాలి. చెక్కని కారుకి అడ్డంగా పెడితే బ్రేకు వేసినప్పుడు నీళ్ళు ఊగవు. చదవడానికి పక్కసీట్లో ఇంకో మనిషి ఉండి తీరాలి. డ్రైవ్ చేసేవాడు స్కేలు చూస్తూ కూర్చుంటే కొలత సంగతేమోగానీ కారు ఇంకో కారులో దూరుతుంది.

నా కారుమీద 60 మైళ్ళ వేగంలో హుడ్ ముందు మూడోవంతులో పైకన్నా లోపల దాదాపు 15 మి.మీ. ఎక్కువ ఒత్తిడి కనబడింది. అంటే అక్కడ చిల్లు పెడితే గాలి బయటికి పోతుంది. వెనక్కి జరిపేకొద్దీ తేడా తగ్గుతూ వచ్చి, అద్దం దగ్గరికి వచ్చేసరికి తలకిందులైంది. ఊలుదారం ముక్కలు వరసగా అంటించి పక్కకారులోంచి వీడియో తీస్తే గాలి ఎటు పారుతోందో కూడా తెలుస్తుంది. మొత్తం ఖర్చు ఒకపూట బిర్యానీ అంత. ఇంత చవగ్గా తెలిసే సంగతిని తెలుసుకోకుండా జిగ్‌సా చేతికి తీసుకునేవాళ్ళని ఏమనాలి? ప్రొఫైలర్ ఆన్ చెయ్యకుండా కోడ్ "ఆప్టిమైజ్" చేసే మహానుభావుల్ని మనం ఆఫీసులో ఏమంటామో, అదే.

కొలవడానికన్నా ముందు అడగాల్సిన ప్రశ్న ఇంకొకటుంది. అసలు వేడి ఎందుకెక్కుతోంది?

మియాటా సంగతే తీసుకోండి. దీని ఇంజను మూలం 323 లాంటి ఫ్రంట్ వీల్ డ్రైవ్ కార్లది. వాటిలో ఇంజను అడ్డంగా ఉంటుంది, కూలెంట్ ఒక కొసనుంచి వెళ్ళి రెండో కొసలోంచి బయటికొస్తుంది. మియాటాలో ఇంజనుని నిలువుగా పెట్టేసరికి, అమరిక కోసం థర్మోస్టాట్‌ని కూడా ముందుకి తెచ్చారు. వెళ్ళేదీ ముందే, వచ్చేదీ ముందే. వెనక సిలిండర్లకి ప్రవాహం తగ్గిపోయింది. రోడ్డుమీద మామూలుగా నడిపితే ఏ ఇబ్బందీ లేదు. ట్రాక్ మీద మాత్రం వెనక సిలిండర్లు ఉడుకుతాయి. దానికి మందు కూలెంట్ దారి మార్చడం, రీరూట్ అంటారు. హుడ్‌కి ఎన్ని చిల్లులు పెట్టినా ఆ దారి మారదు కదా.

అలాగే పాత కార్లలో రేడియేటర్ రెక్కలు మట్టితో, పురుగులతో పూడుకుపోయి ఉంటాయి. రేడియేటర్‌కీ బంపర్‌కీ మధ్య సందుల్లోంచి గాలి పక్కదారి పడుతుంది. కింద ఉండాల్సిన ప్లాస్టిక్ ట్రే ఎప్పుడో ఊడిపోయి ఉంటుంది, దాంతో కిందనుంచి గాలి లోపలికి దూరుతుంది. రేడియేటర్ మూత రబ్బరు అరిగిపోయి ఒత్తిడి నిలవదు. ఈ మూతని తక్కువగా చూడకండి. సగం నీళ్ళు సగం గ్లైకాల్ కూలెంట్ మామూలు ఒత్తిడిలో 106, 107 డిగ్రీల దగ్గర మరుగుతుంది. అదే 15 పీఎస్ఐ మూత బిగించి ఉంటే 129 డిగ్రీల దాకా ఆగుతుంది. పది, ఇరవై డాలర్ల మూత చేసేది ఇంత పని.

నేను వరసగా ఇవన్నీ చేశాను. మూత మార్చడం, రేడియేటర్ కడగడం, సందులు ఫోముతో మూయడం, కింద ట్రే పెట్టడం, ఆపైన రీరూట్. ఒక్కో మార్పు తర్వాత ట్రాక్‌కి వెళ్ళి, ఓబీడీ పోర్టుకి చిన్న బ్లూటూత్ అడాప్టర్ తగిలించి ఉష్ణోగ్రత ఫోన్‌లో లాగ్ చేశాను. లాగ్ చూస్తే బయటి ఎండ ఎంతో కూడా పక్కనే రాసుకోవాలి. జూలైలో పాతదీ, నవంబరులో కొత్తదీ కొలిచి "పది డిగ్రీలు తగ్గింది చూశావా" అనేవాళ్ళకి తగ్గించింది చలికాలం. ఇన్ని చేశాక కూడా ఆగస్టు మధ్యాహ్నం సెషన్ చివర్లో కూలెంట్ నేను గీసుకున్న గీత దాటుతూనే ఉంది. అప్పుడు కొయ్యాలని తేల్చుకున్నాను.

కానీ కొన్నది నా హుడ్ కాదు కోసింది... అంటే, కారుతో వచ్చిన హుడ్‌ని ముట్టుకోలేదు. పాతకార్ల యార్డులో అదే మోడల్ హుడ్ ఇంకొకటి తెచ్చి దాన్ని కోశాను. ఈ వ్యాసంలో ఒక్క సలహా మాత్రమే గుర్తుపెట్టుకుంటానంటే ఇదే పెట్టుకోండి. రేకుకి కంట్రోల్ జెడ్ లేదు. పాతది భద్రంగా గోడకి ఆనించి ఉంటే మనకి వెనక్కి వెళ్ళే దారి ఉన్నట్టే. ఇంకో లాభం కూడా ఉంది. నాలుగు బోల్టులు విప్పి ఒకేరోజు, ఒకే ఎండలో, ఒక సెషన్ పాతదానితో, ఒక సెషన్ కొత్తదానితో తిప్పి చూడొచ్చు. అలా చూస్తే నాకు తేడా 5, 6 డిగ్రీలు వచ్చింది. వెంట్లు అమ్మే పెట్టెలమీద రాసే గొప్పలతో పోలిస్తే ఇది చిన్న అంకె. అయినా నేను చూసిన అంకె, అది చాలు.

కోత గురించి నాలుగు ముక్కలు చెప్పకపోతే మాటలకోరు అనుకుంటారు. హుడ్ అంటే ఒక్క రేకు కాదు. పైన తోలు, లోపల పక్కటెముకల్లాంటి ఫ్రేము. కొయ్యాల్సింది ఎముకల మధ్య తోలునే. ఎముక తెగితే హుడ్ వేగంలో రెపరెపలాడుతుంది. పైగా ముందునుంచి గుద్దుకున్నప్పుడు హుడ్ అద్దంలోంచి లోపలికి దూసుకురాకుండా మధ్యలో మడతపడేలా తయారుచేసి ఉంటారు, ఆ లెక్క చెడుతుంది. కాబట్టి ముందు హుడ్ తిరగేసి, ఎముకలు ఎక్కడున్నాయో చూసి, అట్టముక్కతో నమూనా కత్తిరించుకోండి.

మూలలు ఎప్పుడూ గుండ్రంగానే రావాలి. చదరపు మూలలో ఒత్తిడంతా ఒకచోట పోగై పగులు మొదలవుతుంది. 1954లో రెండు కామెట్ విమానాలు గాల్లో ముక్కలైనప్పుడు విచారణలో బయటపడ్డది కూడా ఇదే, తెరిచిన చోట్ల మూలల దగ్గర పోగైన ఒత్తిడికి లోహం అలిసిపోయి చిట్లింది. మన హుడ్ విమానం కాకపోవచ్చు, కానీ రోజంతా ఒణికే రేకే. మూలల్లో డ్రిల్లుతో గుండ్రటి కన్నాలు వేసి, వాటిని కలుపుతూ సన్నపళ్ళ బ్లేడుతో జిగ్‌సా నడపండి. గీతకి రెండు మి.మీ. లోపలే కోసి, మిగతాది ఆకురాయితో గీతదాకా రుద్దండి. జిగ్‌సా పాదానికి, చుట్టూ పెయింటు మీదా మాస్కింగ్ టేపు. కళ్ళకి అద్దాలు, ఇది మాత్రం బేరాల్లేవు. గ్రైండర్ వాడితే నిప్పురవ్వలు ముందు అద్దం మీద పడి చిన్నచిన్న మచ్చలు శాశ్వతంగా మిగులుస్తాయి, అందుకే హుడ్ విప్పి పక్కన పెట్టుకుని కొయ్యడమే మేలు. విప్పేముందు కీళ్ళ చుట్టూ గీత గీసుకోండి, ఇద్దరు మనుషులుండాలి.

కోసిన అంచుకి ప్రైమరూ పెయింటూ తప్పదు. ఇనుప హుడ్ అయితే తుప్పు. నా మియాటాది అల్యూమినియం హుడ్, తుప్పు లేదుగానీ దానికి ఇంకో రోగముంది. అల్యూమినియం మీద స్టెయిన్‌లెస్ స్టీలు స్క్రూలు గానీ, కార్బన్ ఫైబర్ వెంట్ గానీ నేరుగా ఆనిస్తే, తడి తగిలినప్పుడు బ్యాటరీలాగా పనిచేసి అల్యూమినియం తినేసుకుంటుంది. మధ్యలో పెయింటో, సీలెంటో, పల్చటి టేపో ఉండాలి.

ఈ భాగోతమంతా వాట్సాప్ వీడియోలో చూసి మా అమ్మ ఒకే ప్రశ్న వేసింది. "ఒరేయ్ నాన్నా, చిల్లులు పెట్టావు బానే ఉంది, మరి వానొస్తే నీళ్ళు పోవూ?" నాతో మాట్లాడిన ఇంజనీర్లందరిలో ఆ ప్రశ్న అడిగినవాళ్ళు ఇద్దరే. చిల్లు సరిగ్గా దేనిమీద పడుతోందో చూసుకోవాలి. కింద ఆల్టర్నేటరు, ఫ్యూజుల డబ్బా, స్పార్కు ప్లగ్గుల గుంటలు ఉంటే వాన నేరుగా వాటిమీదే పడుతుంది. దానికి లోపలివైపు నీటిని పక్కకి తప్పించే రేకు తొట్టి బిగించొచ్చు, ఆరుబయట నిలిపినప్పుడు పైన మూత వెయ్యొచ్చు. నేను రెండూ చేశాను. ఏదీ చెయ్యకుండా రోజూ ఆఫీసు పార్కింగులో నిలిపే కారుకి చిల్లు పెట్టుకోవడం మాత్రం అనవసరపు తద్దినం.

ఇక్కడిదాకా మన కారు, మన డబ్బు, మన ఇష్టం అనొచ్చు. ఇక్కడినుంచి అనలేం. హుడ్ కింద ఇంజను ఉందని మనకి తెలుసు. హుడ్ మీద ఏం పడుతుందో ఆలోచించం. నడిచివెళ్ళే మనిషిని కారు గుద్దితే చాలాసార్లు ఆ మనిషి తల వచ్చి తగిలేది హుడ్‌కే. అందుకే ఐక్యరాజ్యసమితి 127వ నంబరు వాహన నిబంధన, మన దేశంలో ఏఐఎస్-100 ప్రమాణం, తలలాంటి గుండుని హుడ్ మీదకి విసిరి పరీక్షిస్తాయి. అమెరికాలో 2022లో 7,500 మందికి పైగా పాదచారులు రోడ్లమీద చనిపోయారు. ఇలాంటి నియమం ఇక్కడా కావాలని ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ 2024 సెప్టెంబరులో ప్రతిపాదించింది. ఎముకలు వదిలేసి కొయ్యమన్నానే, అక్కడే ఇంకో షరతు కూడా. పైకి పొడుచుకొచ్చే పదునైన అంచుల వెంట్లు కొనొద్దు. రేకుతో సమంగా, గుండ్రటి అంచులతో ఉండేవే తీసుకోండి. "అగ్రెసివ్ లుక్" అని అమ్మేవాటిలో చాలా వరకు ఎవరి తలకో తగిలే కత్తులే.

టెక్సాస్‌లో మామూలు కార్లకి ఏటేటా జరిగే సేఫ్టీ తనిఖీని 2025 జనవరినుంచి ఎత్తేశారు. మా కౌంటీలో పొగ పరీక్ష మిగిలింది, అంతే. అంటే నేను కోసిన హుడ్‌ని చూసి ఇది సరిగ్గా ఉందా లేదా అనే మనిషి ఎవరూ లేరు. టెస్టింగ్ టీమ్ లేని ప్రాజెక్టులో డెవలపర్ ఇంకెంత జాగ్రత్తగా ఉండాలో, అలా ఉండాలి. ఇన్సూరెన్సువాళ్ళకి మార్పు సంగతి ముందే రాసి, వాళ్ళ జవాబు దాచుకోండి.

హైదరాబాదునుంచి అడిగే స్నేహితులకి నా జవాబు వేరు. వద్దు. మొదటి కారణం చట్టం. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను, దానిమీద 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు, తయారీదారు ఇచ్చిన వివరాలకి విరుద్ధంగా వాహనాన్ని మార్చకూడదంటాయి. చిల్లు సంగతి ఆర్‌సీలో రాసుండదు కదా అని కోర్టులో వాదించొచ్చేమో, నడిరోడ్డు మీద ఆపిన ఎస్సైగారితో వాదించగలరా? రెండో కారణం, గచ్చిబౌలి ట్రాఫిక్‌లో గంటకి పది కిలోమీటర్ల వేగంలో ఈ ఒత్తిడి లెక్కలేవీ పనిచెయ్యవు. అక్కడ కారుని చల్లబరిచేది ఫ్యాను. కారు సిగ్నళ్ళ దగ్గర వేడెక్కుతుంటే ఫ్యాను, రిలే, కూలెంట్ చూపించుకోండి. ఇంకా లుక్కే కావాలంటే డబుల్ టేపుతో అంటించే డమ్మీ స్కూపులు దొరుకుతాయి. అవంటే మనం నవ్వుతాంగానీ, నా దృష్టిలో తెలియకుండా కోసిన నిజం వెంట్ కన్నా డమ్మీ స్కూపు వెయ్యిరెట్లు నయం. చెడగొట్టేది ఏమీ లేదు.

ఇక మొదటి పార్టీకి, "మెకానిక్కు పని" పార్టీకి బాకీ ఉన్నాను. జేఎన్టీయూ కాలేజీల్లో చదివినవాళ్ళంతా ఫస్టియర్ వర్క్‌షాపు చేసినవాళ్ళే. ఇనప ముక్క ఇచ్చి ఆకురాయితో రుద్ది చదరపు ఫిట్టో, వి ఫిట్టో చెయ్యమనేవారు. రెండు ముక్కలు కలిపి వెలుగుకి ఎదురుగా పెట్టి, సందులోంచి వెలుతురు కనబడితే మళ్ళీ రుద్దమనేవారు. చాలామందికి అది ఇంటర్నల్ మార్కుల గోల. నాకు మాత్రం నాలుగేళ్ళ చదువులో "సరిపోయింది" అనే మాటకి కంటికి కనబడే అర్థం దొరికింది అక్కడే. విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే మేస్త్రీలు జీవితమంతా ఆ అర్థంతోనే బతుకుతారు. వాళ్ళు కొలవకుండా కొయ్యరు, ఎందుకంటే చెడిన రేకు వాళ్ళ కూలిలోంచి పోతుంది. వాళ్ళ పనిని "మెకానిక్కు పని" అని తీసిపారేసే మనం, ప్రొడక్షన్‌లో ఏదన్నా పగిలితే రోల్‌బ్యాక్ నొక్కి కాఫీకి వెళ్తాం. ఎవరు ఎవరిదగ్గర నేర్చుకోవాలో మీరే చెప్పండి.

"షాపులో ఇస్తే పోయేదానికి ఇంత హైరానా ఎందుకు" అని కూడా అంటారు. ఇవ్వండి, తప్పేముంది? కాకపోతే షాపువాడిని కూడా అదే ప్రశ్న అడగండి: "ఈ చోటే ఎందుకు?" జవాబులో ఒత్తిడి, ఎముకలు, కింద ఏముంది అనే మాటలు వస్తే కారు అప్పజెప్పండి. "అందరూ ఇక్కడే పెడతారు సార్" అంటే తాళాలు వెనక్కి తీసుకుని ఇంటికి రండి. మన చేత్తో చేసినా, ఇంకొకరితో చేయించినా ఆ ప్రశ్నకి జవాబు మన దగ్గర ఉండాలన్నదే నా వాదనంతా.

మీలో ఎవరికైనా ఈ వీకెండ్ జిగ్‌సా కొనే ఆలోచన ఉంటే, ముందు ఓ పది అడుగుల ప్లాస్టిక్ పైపు కొనండి. తర్వాత రేడియేటర్ మూత చూడండి.